పీజీ అడ్మిట్ కోసం ఎదురుచూపు, వచ్చాక ఎంపిక: వరంగల్ వైపు విద్యార్థులకు, ఇంటివాళ్లకు సమగ్ర మార్గదర్శి

డిసెంబర్‌లో అప్లికేషన్లు పంపిన పిల్లలకు ఫిబ్రవరి వచ్చేసరికి ఫోనే లోకం. హన్మకొండ హాస్టల్ గదుల్లో, కాజీపేట రైల్వే క్వార్టర్లలో, జమ్మికుంట, భూపాలపల్లి, జగిత్యాల ఇళ్లలో అందరిదీ ఒకటే ధ్యాస. మెయిల్ వచ్చిందా, పోర్టల్‌లో స్టేటస్ మారిందా, నాకంటే తక్కువ సీజీపీఏ ఉన్నవాడికి వచ్చి నాకెందుకు రాలేదు. బాపు నోరు తెరిచి అడగడు, అన్నం తినేటప్పుడు ముఖం వైపు చూస్తాడు. ఆ చూపుకే సగం టెన్షన్.

ఈ మూడు నాలుగు నెలల్లో చేయాల్సిన పని చాలా ఉంది. అందులో ముఖ్యమైనది, ఎంత అప్పు మోయగలం, ఏ కోర్సుకు ఎంతవరకు పెట్టగలం అన్నది లెటర్ రాకముందే కాగితం మీద రాసుకోవడం. లెటర్ చేతికొచ్చాక లెక్క మొదలుపెడితే ఆ సంతోషంలో ప్రతి అంకె మనకు అనుకూలంగానే కనిపిస్తుంది. ఏటా పిల్లలతో, వాళ్ల ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడుతుంటాను. ముందే రాసుకున్న ఇళ్లలో ఏప్రిల్ ప్రశాంతంగా గడవడం, రాసుకోని ఇళ్లలో గొడవలు కావడం చూస్తూనే ఉన్నాను.

ఎక్కువమంది అమెరికా ఎంఎస్, పీహెచ్‌డీలకు వెళ్తున్నారు కాబట్టి ఇక్కడ దాని గురించే ఎక్కువ చెప్తాను. గేట్ రాసి ఎం.టెక్ చూస్తున్నవాళ్లకు, రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయలోనో శాతవాహన యూనివర్సిటీలోనో చేరేవాళ్లకు వేరే భాగం ఉంది.

1. తేదీలన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చుకోండి

ఒక పెద్ద కాగితం తీసుకుని జనవరి నుంచి ఆగస్టు వరకు గీతలు గీయండి. గోడకు అతికించండి. ఇంట్లోవాళ్లు కూడా చూడాలి.

అమెరికా పీహెచ్‌డీ ఫలితాలు సాధారణంగా జనవరి చివరి నుంచి మార్చి మధ్యలోగా వస్తాయి. ఎంఎస్ ఫలితాలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. కొన్ని యూనివర్సిటీలు వచ్చిన అప్లికేషన్‌ను వచ్చినట్టే చూసి జవాబిస్తాయి. కొన్ని విడతలుగా ఇస్తాయి. అందుకే ఒకే రోజు అప్లై చేసిన ఇద్దరు స్నేహితులకు నెల తేడాతో జవాబు రావచ్చు. ముందు వచ్చినవాడు గొప్పవాడని, రానివాడి పని అయిపోయిందని అనుకోనక్కర లేదు.

గుర్తుంచుకోవాల్సిన పెద్ద తేదీ ఏప్రిల్ 15. అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ చేసుకున్న ఒప్పందంలో సంతకం చేసిన యూనివర్సిటీలు, స్కాలర్‌షిప్ లేదా అసిస్టెంట్‌షిప్‌తో (బోధనలో, పరిశోధనలో చేసే పనికి యూనివర్సిటీ ఇచ్చే డబ్బు) ఇచ్చిన ఆఫర్‌కు ఆ తేదీకి ముందే జవాబు చెప్పమని విద్యార్థిని బలవంతం చేయకూడదు. అయితే ఈ రక్షణ డబ్బుతో కూడిన ఆఫర్లకే. సొంత ఖర్చుతో చదివే మామూలు ఎంఎస్ అడ్మిట్‌కు వర్తించదు. వాళ్లు మార్చి 20 లోపు డిపాజిట్ కట్టమంటే అదే గడువు. రెండింటినీ కలిపేసుకుని, ఏప్రిల్ 15 దాకా టైమ్ ఉందనుకుని సీటు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

గడువు ఏ ఊరి టైమో కూడా చూడండి. అమెరికా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 రాత్రి 11:59 అంటే మనకు 16వ తేదీ ఉదయం 9:29. ఆ లెక్క పట్టుకుని చివరి గంట దాకా ఆగొద్దు. కార్డ్ పేమెంట్ ఫెయిలైతే బ్యాంక్ తెరిచే వేళకు గడువు దాటిపోతుంది. రెండు రోజుల ముందే కట్టేయండి.

గేట్ ఫిబ్రవరిలో, ఫలితం మార్చిలో. ఐఐటీ ఆఫర్లు మే నుంచి, ఎన్ఐటీ కౌన్సెలింగ్ ఆ తర్వాత. సీపీగెట్ ఇంకా వెనక. ఇవన్నీ రాశాక ఒక విషయం కంటికి కనిపిస్తుంది. విదేశీ డిపాజిట్ గడువు ముందు వస్తుంది, మన దగ్గరి సీటు సంగతి తర్వాత తేలుతుంది. ఆ రెండు నెలల ఎడమే అసలు చిక్కు.

ఇంటి డబ్బు తేదీలను కూడా అదే కాగితం మీద రాయండి. పత్తి డబ్బులు సంక్రాంతికి అటూ ఇటూ వస్తాయి, మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏనుమాముల మార్కెట్‌కు పోతుంది. డిపాజిట్, వీసా ఫీజు సరిగ్గా అప్పుడే పడతాయి. బాపు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఆగుదామనుకుంటున్నాడేమో ముందే అడగండి.

2. చూసే వేళ ఒకటి పెట్టుకోండి

అమెరికా ఆఫీసు వేళలు మనకు సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా నడుస్తాయి. అందుకే పిల్లలు రాత్రి రెండింటిదాకా పోర్టల్ రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటారు. అర్ధరాత్రి చూసినా పొద్దున చూసినా జవాబు మారదు. పొద్దున లేచి ముఖం కడుక్కున్నాక ఒకసారి మెయిల్, స్పామ్ ఫోల్డర్, పోర్టల్ చూడండి. అంతే. ఫలితం కొన్నిసార్లు పోర్టల్‌లోనే ఉంటుంది, మెయిల్ రాదు, వచ్చినా స్పామ్‌లో పడుతుంది. కాబట్టి మూడూ చూడాలి.

స్టేటస్ 'అండర్ రివ్యూ' అని వారాల తరబడి ఉంటే కంగారుపడకండి. దాని నుంచి మంచీ చెడూ ఏదీ తేల్చలేం. 'ఇన్‌కంప్లీట్' అని ఉంటే మాత్రం ఆ రోజే కదలాలి. ట్రాన్స్‌క్రిప్ట్ చేరలేదో, టోఫెల్ ఇంగ్లిష్ పరీక్ష స్కోర్ కలవలేదో, సార్ రికమెండేషన్ అప్‌లోడ్ చేయలేదో చూడండి. సార్‌కు గుర్తుచేయడానికి మొహమాటపడకండి. పరీక్షలు, వాల్యుయేషన్ హడావుడిలో వాళ్లు మర్చిపోతారు.

యూనివర్సిటీకి ఎప్పుడు రాయాలి? వాళ్లు చెప్పిన తేదీ దాటాక, ఒక్కసారి. అప్లికేషన్ నంబర్, కోర్సు పేరు, ఫలితం ఎప్పటికల్లా రావచ్చన్న ఒక ప్రశ్న. నాలుగు వాక్యాలు చాలు. వేరే కాలేజీ నుంచి ఆఫర్ వచ్చి దాని గడువు దగ్గరపడితే ఆ తేదీ రాయండి, అది సరైన కారణం. కొత్తగా చెప్పడానికి ఏమైనా ఉన్నా రాయొచ్చు. ఏడో సెమిస్టర్ మార్కులు పెరిగాయి, పేపర్ అచ్చైంది లాంటివి. వారం వారం 'ఎనీ అప్‌డేట్' అని రాయడం వల్ల మేలు లేదు.

ఇక ఇంటికి వచ్చే ప్రశ్నలు. 'ఎక్కడొచ్చింది బిడ్డా?' అని పెళ్లిలోనూ, బస్టాండ్‌లోనూ అడుగుతారు. 'ఏప్రిల్‌లో తెలుస్తది పెద్దమ్మా, వచ్చినంక నేనే చెప్త' అని ఒక్క జవాబు తయారుగా పెట్టుకోండి. అమ్మానాన్నలకు కూడా అదే జవాబు నేర్పండి. మేడారం జాతర జరిగే ఏడాదైతే అడ్మిట్ కోసం నిలువెత్తు బంగారం (బెల్లం) మొక్కుకునే ఇళ్లున్నాయి. మొక్కుకోండి, మనసుకు ధైర్యం కావాల్సిన కాలం ఇది.

ఆ ధైర్యం సరిపోక నిద్ర పట్టకుండా, తిండి సహించకుండా, ఎవరితో మాట్లాడబుద్ధి కాకుండా రోజులు గడుస్తుంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్‌లో మీ రూమ్మేట్ అలా ఉన్నాడనిపిస్తే మీరే నంబర్ నొక్కి ఫోన్ చేతిలో పెట్టండి.

3. లెటర్ రాకముందే ఇంట్లో కూర్చుని డబ్బు మాట్లాడండి

దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. ఒక ఆదివారం సాయంత్రం టీవీ ఆపి, అమ్మ, బాపు, సంపాదించే అన్నో అక్కో ఉంటే వాళ్లతో సహా అందరూ కూర్చోవాలి. అమ్మను వంటింట్లో ఉంచి మాట్లాడకండి. ఇంటి చీటీలు, బంగారం, బాకీలు ఎక్కువగా ఆమెకే తెలుస్తాయి.

మొదట అప్పు సంగతి. అనుకోండి, 40 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెలకు దాదాపు 55,000 ఈఎంఐ. కానీ అసలు కథ అక్కడ ఆగదు. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఆరు నెలలో ఏడాదో, అంతకాలం వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. మొత్తం సొమ్ము ఇచ్చేశాక ఏడాదికి 4 లక్షల 40 వేల వడ్డీ. అది కట్టకుండా వదిలేస్తే ఈఎంఐ మొదలయ్యేనాటికి బాకీ 50 లక్షల దగ్గరికి చేరుతుంది, నెలకు 69,000 దాకా కట్టాలి. చదువుకునేటప్పుడే వడ్డీ కట్టగలిగితే ఈ భారం బాగా తగ్గుతుంది. కాబట్టి 'ఇప్పటి నుంచి నెలకు ఎంత కట్టగలం' అని బాపును అడగండి. ఆయన చెప్పిన అంకె రాసుకోండి.

తర్వాత పూచీకత్తు. బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటిన చదువు రుణానికి ఆస్తి అడుగుతాయి. పేరున్న కాలేజీల జాబితాకు మినహాయింపు ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి. మన దగ్గర చాలా కుటుంబాలకు ఉన్న ఆస్తి వ్యవసాయ భూమి. పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని వెళ్తే చదువు రుణానికి దాదాపు ఏ బ్యాంకూ తీసుకోదు. ఇల్లు, ఇంటి స్థలం కావాలి. దానికి లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల రికార్డు), ఇంటి పన్ను రసీదు, నిర్మాణ అనుమతి చూస్తారు. ఆపై వాళ్ల లాయర్ అభిప్రాయం, వాల్యుయేషన్. ఊళ్లో గ్రామ పంచాయతీ పరిధిలో అనుమతి కాగితం లేకుండా కట్టిన ఇల్లైతే, అప్రూవ్డ్ కాని లేఔట్‌లో ప్లాటైతే అక్కడే ఆగిపోతుంది. తాతగారి పేరు మీదే ఉన్న ఇంటికి వారసుల సంతకాలు కావాలి. ఇవన్నీ వారాల పని. ఫిబ్రవరిలోనే బ్యాంకుకు వెళ్లి 'ఈ కాగితాలు నడుస్తాయా' అని ఒక్క మాట అడిగి రండి. అడ్మిట్ లేకపోయినా అది చెప్పేస్తారు.

ఆస్తి అడగని ఫైనాన్స్ కంపెనీలు ఉన్నాయి. వడ్డీ ఎక్కువ. ఆదాయపు పన్ను రిటర్నులు ఉండి, లోన్‌కు మనతో పాటు సంతకం పెట్టే కో-అప్లికెంట్ కావాలంటారు. రైతు ఇంట్లో ఆ రిటర్నులు ఉండవు కాబట్టి సింగరేణిలోనో, స్కూల్లోనో ఉద్యోగం చేసే మేనమామనో చిన్నాయననో అడుగుతాం. ఆయన సంతకం పెట్టే ముందు ఒక విషయం కళ్లకు కట్టేలా చెప్పండి. మీరు కట్టకపోతే ఆయన కట్టాలి, అప్పు పుట్టాలంటే బ్యాంకులు చూసే ఆయన సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది, రేపు ఆయన కూతురి చదువుకు లోన్ పుట్టదు. ఇది చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం అన్యాయం.

భూమి అమ్మడం గురించి నా అభిప్రాయం దాచుకోను. ఎంఎస్ కోసం సాగు భూమి అమ్మకండి. ముఖ్యంగా ఇంటికి అదొక్కటే ఆధారమైతే. లోన్‌కు గడువు ఉంటుంది, వడ్డీ మీద పాత పన్ను విధానంలో మినహాయింపు ఉంటుంది, ఆలస్యమైతే బ్యాంకుతో మాట్లాడుకునే వీలుంటుంది. అమ్మిన ఎకరం మళ్లీ ఆ ధరకు రాదు. లోన్ పుట్టక, భూమి అమ్మితే తప్ప కుదరదంటే ఆ ఏడాది ఆగి, ఉద్యోగం చేసి, ఖర్చు తక్కువ దారి చూడడమే మేలు.

ప్రభుత్వ సాయం కూడా ఈ సమయంలోనే చూసుకోవాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. 20 లక్షల వరకు సాయం, ఒకవైపు విమాన ఛార్జీ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదన్న నియమం ఉంది. దరఖాస్తు ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు మీసేవలో ముందే పెట్టుకోండి. ఒక హెచ్చరిక: ఈ డబ్బు అక్కడ చేరాక విడతలుగా వస్తుంది. డిపాజిట్‌కు, వీసాకు, మొదటి సెమిస్టర్ ఫీజుకు అక్కరకు రాదు. ఎంపికైనా సరే, చేతికి వచ్చేదాకా లెక్కలో వేసుకోకండి.

ఇవన్నీ మాట్లాడాక మూడు వాక్యాలు రాయండి. మా ఇంటి గరిష్ఠ అప్పు ఇంత. ఇంతకు మించితే ఎంత పేరున్న కాలేజీ అయినా వద్దంటాం. ఏదీ కుదరకపోతే మేం చేసేది ఇది. కింద అందరూ సంతకం పెట్టండి. పిల్లల ఆటలా అనిపించవచ్చు, కానీ ఏప్రిల్‌లో మాట మార్చాలనిపించినప్పుడు ఆ కాగితమే అడ్డుపడుతుంది.

4. వచ్చిన లెటర్‌ను చివరిదాకా చదవండి

'కంగ్రాట్యులేషన్స్' చూడగానే వాట్సాప్ స్టేటస్ పెట్టేస్తాం. ఆ రోజు సంతోషపడండి, స్వీట్లు పంచండి. మర్నాడు పొద్దున కూర్చుని లెటర్‌ను వాక్యం వాక్యం చదవండి.

అడ్మిట్ పూర్తిదా, షరతులతో వచ్చిందా? చివరి సెమిస్టర్ మార్కులు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మెమో ఫలానా తేదీలోగా పంపాలంటే, మీ యూనివర్సిటీ వాటిని అప్పటికి ఇస్తుందా? బ్యాక్‌లాగ్ ఒకటి మిగిలి ఉంటే సప్లిమెంటరీ ఫలితం ఎప్పుడు? మీరు అడిగిన కోర్సే ఇచ్చారా, కంప్యూటర్ సైన్స్ అడిగితే దగ్గరి పేరున్న వేరే కోర్సు ఇచ్చారా? అసలు ఏ క్యాంపస్? ఒకే పేరుతో నాలుగైదు క్యాంపస్‌లు ఉండే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి.

డబ్బు ఇస్తామంటే ఎంత, ఎన్ని సెమిస్టర్లు, దేనికి? ట్యూషన్ మొత్తం మాఫీ చేసి నెలకు స్టైపెండ్ ఇవ్వడం వేరు, ఒక్కసారి 2,000 డాలర్ల స్కాలర్‌షిప్ వేరు. పీహెచ్‌డీ అయితే వేసవి నెలల్లో జీతం వస్తుందా, ఎన్నేళ్లకు హామీ, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు అని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

పేరు వినని కాలేజీ నుంచి అడ్మిట్ వస్తే మరింత జాగ్రత్త. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అందులోనూ మనవాళ్లు ఎక్కువే. క్లాసులే లేకుండా మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. కాలేజీకి గుర్తింపు ఉందో లేదో అమెరికా విద్యాశాఖ అక్రిడిటేషన్ జాబితాలో చూడండి. నిజంగా పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు ఎవరు, చదివి బయటికొచ్చినవాళ్లు ఎక్కడున్నారు అని లింక్డిన్‌లో వెతకండి.

కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేదీ ఒక అభిప్రాయంగానే వినండి. కొన్ని కాలేజీలు ఒక్కో విద్యార్థికి వాళ్లకు కమిషన్ ఇస్తాయి. 'మీరు చెప్పే ఈ కాలేజీ నుంచి మీకు కమిషన్ వస్తుందా సార్' అని మర్యాదగా అడగడం మీ హక్కు. బ్యాంకులో డబ్బు చూపించడానికి దొంగ కాగితాలు తయారుచేస్తామంటే లేచి వచ్చేయండి. అది పట్టుబడితే ఆ ఒక్క వీసాతో పోదు, జీవితాంతం వెంటాడుతుంది.

5. రెండు లెటర్లు పక్కపక్కన పెట్టి తూచండి

తేమ ఉన్న పత్తి కాటా మీద బరువు తూగుతుంది, ధర కట్టేటప్పుడు తేమ తీసేసి లెక్కేస్తారు. కాలేజీ పేరు అలాంటిదే. ర్యాంకును పక్కన పెట్టి, మీరు చదివే కోర్సు విలువ ఎంతో చూడాలి.

ఉదాహరణకు ఒక లెక్క. అంకెలు నేను ఊహించినవి, మీ లెటర్లలోవి వేసుకోండి. మొదటిది పెద్ద నగరంలో పేరున్న కాలేజీ. ట్యూషన్ మొత్తం 52,000 డాలర్లు, నెల ఖర్చు 1,500 చొప్పున 24 నెలలకు 36,000. కలిపి 88,000. రెండోది చిన్న ఊళ్లో స్టేట్ యూనివర్సిటీ. ట్యూషన్ 30,000, నెలకు 1,000 చొప్పున 24,000. కలిపి 54,000. తేడా 34,000 డాలర్లు. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే 30 లక్షల 60 వేలు. మొదటి కాలేజీ పేరు మనకు ఆ 30 లక్షలకు సరిపడా అదనంగా ఏం ఇస్తుంది? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉంటే వెళ్లండి. ఫలానా ప్రొఫెసర్ ల్యాబ్, ఫలానా రంగంలో ఆ నగరంలోనే ఉన్న కంపెనీలు, తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఇలాంటివి జవాబులు. 'అందరూ అదే మంచిదంటున్నారు' అన్నది జవాబు కింద రాదు.

ఖర్చు లెక్కలో పిల్లలు వదిలేసేవి కొన్ని ఉంటాయి. క్రెడిట్‌కు ఇంత అన్న ఫీజును మొత్తం క్రెడిట్లతో గుణించాలి, ఎంఎస్‌కు ఎక్కువగా 30 నుంచి 36 ఉంటాయి. దానిపై ప్రతి సెమిస్టర్ వచ్చే ఇతర ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్స్. మొదటి నెల ఇంటి అడ్వాన్స్, చలి బట్టలు, విమానం. రెండో ఏడాది ఫీజు అప్పటి డాలర్ ధరకు కట్టాలి. పార్ట్ టైమ్ జీతాన్ని ఫీజు లెక్కలో వేయకండి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మాత్రమే చేయాలి, ఆ పని దొరుకుతుందన్న హామీ కూడా లేదు. క్యాంపస్ బయట దొంగచాటుగా చేస్తే వీసాకే ముప్పు.

చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి (ఓపీటీ) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సులకు మరో 24 నెలలు పొడిగింపు. కాబట్టి ఎంచుకునే కోర్సు స్టెమ్ జాబితాలో ఉందో లేదో ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉండే కోడ్‌తో సరిచూడాలి. ఆ తర్వాత కావాల్సిన ఉద్యోగ వీసా హెచ్-1బీకి జరిగే లాటరీ మన చేతిలో లేదు, నియమాలు కూడా మారుతున్నాయి. ఆ లాటరీ తగలకపోయినా, ఇండియాకు తిరిగొచ్చి ఇక్కడి జీతంతో తీర్చగల అప్పేనా అని ఒకసారి లెక్క వేయండి. నా దృష్టిలో ఎంపికకు ఇంతకంటే గట్టి పరీక్ష లేదు.

సీనియర్లతో మాట్లాడేటప్పుడు 'కాలేజీ ఎట్లుంది అన్నా?' అంటే 'మంచిగుంది తమ్మీ' అంటాడు. అడగాల్సింది వేరు. మొదటి మూడు నెలలు ఎంత ఖర్చయింది? నీ బ్యాచ్‌లో మనవాళ్లు ఎంతమంది, అందులో చదువు అయిన ఆరు నెలల్లో ఉద్యోగం వచ్చినవాళ్లు ఎంతమంది? కోరుకున్న సబ్జెక్టులు దొరికాయా, సీట్లు నిండిపోయాయా? రాత్రి లైబ్రరీ నుంచి గదికి నడిచి రావచ్చా? ఆడపిల్లలు ఈ చివరి ప్రశ్నను అక్కడ చదువుతున్న అక్కనే అడగండి. ఒక్కరితో ఆగకుండా, సంతోషంగా ఉన్నవాళ్లతోనూ ఇబ్బంది పడుతున్నవాళ్లతోనూ మాట్లాడండి.

జర్మనీ ఆలోచన ఉన్నవాళ్లకు లెక్క వేరు. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఉండదు, బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మన విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాది ఖర్చు ముందే చూపాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. మన చదువు కాగితాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ లేకుండా పని జరగదు, దానికి టైమ్ పడుతుంది. జర్మన్ భాష నేర్చుకోవడం ఈ ఎదురుచూపు నెలల్లోనే మొదలుపెట్టండి.

6. గేట్, సీపీగెట్ దారి చేతిలో ఉన్నవాళ్లకు

'ఇక్కడే చదువుతా' అని చెప్పడానికి చిన్నబోయే పిల్లలను చూస్తే బాధేస్తుంది. 1959లో దేశంలోనే మొదటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ (ఆర్ఈసీ)గా పుట్టిన కాలేజీ మన కాజీపేట దారిలో ఉంది, ఈరోజు ఎన్ఐటీ వరంగల్. గేట్ స్కోర్‌తో ఎం.టెక్ చేరితే నెలకు 12,400 స్టైపెండ్. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000. అప్పు లేకుండా చదివి బయటికొచ్చినవాడికి తర్వాత పీహెచ్‌డీకి విదేశాలు తెరిచే ఉంటాయి.

ఐఐటీలకు విడివిడిగా అప్లై చేయాలి. ఐఐటీల ఉమ్మడి ఆఫర్ పోర్టల్ సీఓఏపీలో రిజిస్టర్ అయితే చాలనుకోవద్దు, ఆ పోర్టల్ ఆఫర్లు చూపించి మన నిర్ణయం తీసుకోవడానికే. యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్ నొక్కితే తర్వాతి రౌండ్లు మనకు లేవు. రిటైన్ అండ్ వెయిట్ అంటే ఇది ఉంచుకుని మెరుగైనదాని కోసం చూడడం. రిజెక్ట్ అండ్ వెయిట్ అంటే చేతిలోది వదిలేయడమే. ఎన్ఐటీల ఎం.టెక్ కౌన్సెలింగ్ సీసీఎంటీలో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్. ఫ్లోట్‌లో ఏ కాలేజీలోనైనా పై ఆప్షన్‌కు, స్లైడ్‌లో అదే కాలేజీలో పై బ్రాంచ్‌కు మారతారు. మారాక పాత సీటు మళ్లీ రాదు. కాబట్టి ఆప్షన్ల వరుస పెట్టేటప్పుడు నిజంగా ఇష్టమైన క్రమంలోనే పెట్టండి. ప్రతి ఏటా నియమాలు కొంత మారతాయి, ఆ ఏటి బ్రోచర్ చదవకుండా బటన్ నొక్కకండి.

మరి మొదట చెప్పిన రెండు నెలల ఎడం? విదేశీ డిపాజిట్ గడువు ఏప్రిల్‌లో, ఎన్ఐటీ సీటు జూన్ తర్వాత. గడువు పెంచమని మెయిల్ రాయండి, చాలామంది ఒకటి రెండు వారాలు ఇస్తారు. ఇవ్వకపోతే, డిపాజిట్ తిరిగి రాకపోయినా ఇల్లు తట్టుకోగల మొత్తమైతే కట్టి ఆగొచ్చు. తట్టుకోలేనిదైతే గేట్ స్కోర్‌ను, గత ఏటి కటాఫ్‌ను చూసి ఇప్పుడే తేల్చుకోవాలి.

ఇక్కడ ఏదైనా కాలేజీలో తాత్కాలికంగా చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి రాకండి. వాటిని కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. చూపించి, సరిచూపించుకుని వెనక్కి తీసుకోండి. ఫీజు వాపస్ నియమం కూడా అడిగి తెలుసుకోండి.

7. వెయిట్‌లిస్ట్ అయితే

జాబితాలో ఉండాలనుకుంటున్నానని వెంటనే జవాబివ్వండి, అడగకపోయినా సరే. ఏప్రిల్ 15 అటూ ఇటూ వేరేవాళ్లు సీట్లు వదులుకుంటారు, జాబితా అప్పుడు కదులుతుంది. అప్పటిదాకా చేతిలో ఉన్న వేరే ఆఫర్‌ను వదలొద్దు. మేలో కూడా జవాబు లేకపోతే ఆ ఆశను పక్కన పెట్టి చేతిలోని పని చూసుకోండి.

8. ఏదీ రాకపోతే

రిజెక్ట్ అయిన రోజు ఎవరూ ఉపదేశాలు చేయొద్దు. బాపూ, మీరు కూడా. 'నేనప్పుడే చెప్పిన' అన్న మాట ఆ ఇంట్లో వినిపించకూడదు. రెండు మూడు రోజులు వదిలేయండి.

తర్వాత కారణం వెతకండి. అన్నీ పెద్ద కాలేజీలకే పెట్టారా? ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం) నలుగురిదీ ఒకేలా ఉందా? రికమెండేషన్ ఇచ్చిన సార్‌కు మీరు నిజంగా తెలుసా? పీహెచ్‌డీ అయితే ఆ ఏడాది ఆ ప్రొఫెసర్ దగ్గర డబ్బే లేకపోయి ఉండవచ్చు, దానికి మీరేం చేయలేరు. గేట్ స్కోర్ మూడేళ్లు చెల్లుతుంది. జనవరి ఇన్‌టేక్ తీసుకునే కాలేజీలు ఉన్నాయి. ఏడాది ఉద్యోగం చేసి వెళ్లినవాళ్లకు ఇంటర్న్‌షిప్ దొరకడం సులువవుతుంది, కొంత డబ్బు కూడా చేతిలో ఉంటుంది. ఊళ్లో మాటలు పడలేక, ఇంటి కాగితంలో రాసుకున్న హద్దు దాటి, ఆగస్టులో ఏదో ఒక కాలేజీకి పరుగెత్తడం మాత్రం వద్దు.

9. ఒప్పుకోవడం, కాదనడం, ఆ తర్వాతి పనులు

నిర్ణయం అయ్యాక యాక్సెప్ట్ నొక్కి, డిపాజిట్ కట్టి, రసీదు పీడీఎఫ్ దాచుకోండి. డిపాజిట్ వెనక్కి ఇస్తారా, వీసా రాకపోతే ఏంటి, వచ్చే సెమిస్టర్‌కు వాయిదా వేసుకునే వీలుందా అని కట్టే ముందే చదవాలి.

ఐ-20కి బ్యాంక్ బ్యాలెన్స్ లేదా లోన్ శాంక్షన్ లెటర్ కావాలి. అది వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, డీఎస్-160 వీసా దరఖాస్తు, వీసా ఫీజు, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ స్లాట్. మే, జూన్‌లలో స్లాట్‌లకు విపరీతమైన పోటీ, కాబట్టి ఐ-20 ఏప్రిల్‌లోనే తెప్పించుకోవడం చాలా లాభం. పాస్‌పోర్ట్‌లో పేరు, మెమోలో పేరు, ఐ-20లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడండి. ఇంటిపేరు కొన్నిట్లో ముందు, కొన్నిట్లో వెనక ఉండడం మనకు మామూలే. తేడా ఉంటే యూనివర్సిటీకి ఇప్పుడే రాసి సరిచేయించుకోండి. ఫీజు పంపేటప్పుడు చదువు లోన్ నుంచి నేరుగా పోయే సొమ్ముకు 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) లేదు, బ్యాంకులో ఆ సంగతి గుర్తుచేయండి.

వద్దనుకున్న కాలేజీలకు అదే వారంలో 'డిక్లైన్' చెప్పండి. అడ్మిట్లు దాచుకుని లెక్కపెట్టుకోవడం వల్ల మనకు వచ్చేదేం లేదు. మీరు వదిలిన సీటు, అంతకంటే ముఖ్యంగా మీరు వదిలిన అసిస్టెంట్‌షిప్, వెయిట్‌లిస్ట్‌లో మీలాగే ఫోన్ చూస్తూ కూర్చున్న ఇంకొకరికి పోతుంది. రికమెండేషన్ ఇచ్చిన సార్లను, మేడమ్‌లను కాలేజీకి వెళ్లి కలిసి ఎక్కడ చేరుతున్నారో చెప్పండి. అదే రోజు పరీక్షల విభాగానికి వెళ్లి ట్రాన్స్‌క్రిప్ట్ సీల్డ్ కవర్లు ఒకటి రెండు ఎక్కువ తీసుకోండి. అమెరికా నుంచి వాటిని తెప్పించుకోవడం చాలా కష్టం.